పిప్పి కింద తారు కాగితం

పందొమ్మిది వందల యాభై ఆరు. చోడవరంలో తాటాకు కప్పు తీయించేసి జింకు రేకులు వేయించుకోడం అప్పుడప్పుడే మొదలైంది. వేయించుకున్నప్పుడు గొప్పగా ఉండేది, వేసవొస్తే లోపల ఉడికిపోయేవారు. నేను అప్పటికి పదిహేనేళ్లుగా వడ్రంగం చేస్తన్నాను.

దానియేలు మాస్టారు మిషన్ బడిలో పంతులు. కొత్తగా రేకుల ఇల్లు కట్టుకున్నారు. వాళ్లమ్మ మరియమ్మ గారికి ఉబ్బసం. మధ్యాహ్నమైతే ఆ వేడికి ఊపిరాడక బయటికొచ్చి కూచునేది. ఎలాగైనా అమ్మ లోపల పడుకునేలా చెయ్యమని మాస్టారు నన్ను పిలిపించేరు.

రేకుల కింద చెక్కలతో సీలింగ్ కొట్టి, దాని మీద ఎండిన చెరకు పిప్పి జానెడు మందాన పరుద్దామన్నాను. మన వైపు పిప్పిని బెల్లం పొయ్యిలో తగలెయ్యడానికి తప్ప దేనికీ వాడరు గానీ, అది వేడిని బాగా ఆపుతాది. కడిగి తీపి పోగొట్టి, నాలుగెండలు ఎండబెట్టి, సున్నం కలిపితే చీమ కూడా పట్టదు. దానికి శత్రువు తడి ఒక్కటే. చలికాలం తెల్లారుజామున రేకు లోపలివైపు చెమట పడతాది. గాలిలో తేమ చల్లటి రేకుకి తగిలి బొట్లు బొట్లుగా రాలతాది. అందుకని పిప్పి మీద తారు కాగితం, అంటే తారు పట్టించిన మందపాటి కాగితం, వాలుగా పరిచి అంచు చూరు బయటికి వదలాలి.

అన్నీ సిద్ధం చేసుకున్నాక, ఊళ్లో కట్టడం పనులన్నీ చూసే సర్కారు ఓవర్సీరు వచ్చేడు. మాస్టారికి స్నేహితుడు. ఆయన మాటంటే మాస్టారికి మహా గురి. చేతిలో ఇంగ్లీషు పుస్తకం, అందులో ఓ బొమ్మ. కాగితం పిప్పి కింద, సీలింగ్ చెక్కల మీద ఉండాలట. గదిలో తేమ పైకి లేస్తాదట, దాన్ని కిందే ఆపాలట. ఆ బొమ్మలో ఇంటి మీద మంచు పేరుకుని ఉంది! మంచు దేశంలో గదిలో నిప్పేసుకుంటారు, అక్కడ అదే న్యాయమేమో. చోడవరంలో పడకగదిలో నిప్పెవడేసుకుంటాడండీ? ఆ మాటే అన్నాను.

"పుస్తకం నువ్వు చదివేవా, నేను చదివేనా?" అన్నాడు.

మాస్టారు తల దించుకున్నారు. ఓవర్సీరుకి ఎదురు చెప్పిన మేస్త్రీకి ఆ చుట్టుపక్కల మళ్లీ పని పుట్టదు, అది మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. నోరు మూసుకుని ఆయన చెప్పినట్టే వేసేను. జాయింటుకి జానెడు ఓవర్‌లాప్, అంటే ఒక కాగితం అంచు మీదికి ఇంకో కాగితం ఎక్కించి, తారు పోసి అతికించేను.

ఆ వేసవంతా మరియమ్మ గారు లోపలే పడుకుంది. ఓవర్సీరు మీసం మెలేసేడు. ధనుర్మాసం చలి తిరిగేసరికి ఇంట్లో పుల్లటి కంపు మొదలైంది, సీలింగ్ నడుం వంగింది. ఆవిడకి ఆయాసం ముదిరి, బండి కట్టి అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లేరు. వారం రోజులుంచేరు.

ఓవర్సీరేమో నడివీధిలో నిలబడి, జాయింట్లు సరిగ్గా అతకలేదు, గదిలో తేమ పైకి పాకింది, వడ్రంగి అప్పారావు పనిదొంగ అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! తను చెప్పిందే చేయించి, తప్పు నా చేతి మీద వేస్తాడా? ఏం మనిషండీ!

ఆవిడ ఇంటికొచ్చిన రోజున ఓవర్సీరుని అక్కడికే పిలిపించేను. నిచ్చెనేసి, ఆయన కళ్లముందే సీలింగ్ చెక్క ఊడదీసేను. చెక్క పొడిగా ఉంది. కాగితం అడుగూ పొడే. ఒక్క జాయింటు ఊడలేదు. కాగితం కోసేను. నల్లబడి బూజెక్కిన పిప్పి, నీళ్లోడుకుంటా బుట్టెడు నేల మీద పడింది.

"తడి కిందనుంచి ఎక్కిందో పైనుంచి రాలిందో మీరే సెప్పండి బాబూ" అన్నాను.

ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయేడు. పొరపాటైందన్న ఒక్క మాట ఆ నోట రాలేదు.

గెలిచేననుకున్నాను. వాకిట్లో నులకమంచం మీద దుప్పటి కప్పుకుని కూచున్న మరియమ్మ గారు నన్ను పిలిచింది.

"ఇలాగవుతాదని నీకు ముందే తెలుసా అప్పారావూ?"

"తెలుసమ్మా. సెప్పేను కూడాను."

"ఎవరికి సెప్పేవు?"

"ఓవర్సీరుబాబుకి. మాస్టారు కూడా ఉన్నారు."

ఆవిడ కాసేపు ఆయాసం తీర్చుకుంది. "ఆ గదిలో గాలి పీల్చేది నేను కదా నాయనా. నాకెందుకు సెప్పలేదు?"

 మర్నాడే కొత్త పిప్పి తెచ్చి ఎండబెట్టేను. ఈసారి కాగితం పిప్పి మీదే పరిచేను. అప్పట్నుంచీ ఎవరింట పని ఒప్పుకున్నా, ఆ గదిలో పడుకునేది ఎవరో కనుక్కుని ముందు వాళ్లతో మాటాడతాను. ఓవర్సీరు మీద కోపం నాకు ఇన్నేళ్లైనా చల్లారలేదు. తెలిసి తెలిసీ ఆ కాగితం పరిచిన నా చేతుల మీద కోపం అంతకంటే ఎక్కువ.