కళ్లు మాత్రమే తెలిసిన మనిషి

ఆత్మకూరు నుంచి సోమశిల వెళ్లే దారిలో మా ఊరు. పెళ్లయిన కొత్తలో నేనూ నా భర్తా ఊరికి దూరంగా హైవే పక్కన పెట్టిన ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరి, ఆ వైపే కాపురం పెట్టాం. ఆయనది లోడింగ్ పని. నన్ను క్లీన్‌రూమ్‌లో వేశారు.

క్లీన్‌రూమ్ అంటే దుమ్ము రేణువు కూడా లేకుండా ఉంచే గది. బయట గుమ్మం దగ్గరే మాస్కు కట్టుకుని, బట్టలు మార్చుకునే గదిలో తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు తొడుక్కుని లోపలికి వెళ్లాలి. కళ్లు మాత్రమే బయటికి కనిపిస్తాయి. లోపలంతా పసుపుపచ్చటి వెలుతురు. పైకప్పులోంచి గాలి హోరుమని వీస్తూనే ఉంటుంది, మాటలు వినపడవు. మాట్లాడనివ్వరు కూడా. తిండికి ఒక్కొక్కరినే వదిలేవారు. షిఫ్టు దిగితే ఎవరి బస్సు వాళ్లది. ఏడాదికి పైగా నా పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి మొహం నేను ఒక్కసారీ చూడలేదు. కళ్లూ, ఎడమ రెప్ప కింద చిన్న పుట్టుమచ్చా, అంతే తెలుసు.

సాల్వెంట్ అనే మందులో గుడ్డ తడిపి చిన్న చిన్న గాజు పలకలు తుడవడం మా పని. దానిది మగ్గిన పండులాంటి తియ్యటి వాసన. మొదట్లో తల తిరిగేది, తర్వాత వాసనే తెలియకుండా పోయింది. ఒకసారి సెలవుకు ఊరొచ్చి మేక పాలు పిండబోతే, అది నా చెయ్యి వాసన చూసి గింజుకుని దూరంగా పోయింది. నాయన తల్లి, మా అవ్వ, నా జుట్టు దగ్గరికి ముక్కు తెచ్చి చూసింది.

"ఏందిమే, నీ వొంట్లోనించి కుళ్లిన పండు వాసన వస్తా ఉండాది?"

తలంటుకున్నాను. పోలేదంది.

ఆ చలికాలం నెలసరి తప్పింది. సంబరపడ్డాను, కానీ గర్భం కాదు. కొన్నాళ్లకు వచ్చింది, మళ్లీ ఆగింది. మేం బట్టలు మార్చుకునే గదిలో గోడకు ప్యాడ్ల పెట్టె ఒకటి ఉండేది. ఒకరోజు దాన్ని చూస్తే నింపింది నింపినట్టే ఉంది. అంతమంది ఆడవాళ్లం, వారాలు గడుస్తున్నా ఎవరూ ముట్టలేదు. ఎవరినైనా అడుగుదామంటే నోరు రాలేదు.

తర్వాతి ఎండాకాలం నిజంగానే కడుపు వచ్చింది. మూడో నెలలో పోయింది. సూపర్‌వైజర్‌కు చెబితే, "ఇంత శుభ్రమైన గాలి మీ ఊళ్లో కూడా దొరకదమ్మా," అన్నాడు.

అవ్వ మాత్రం గాలి సోకిందనే అంది. ఆత్మకూరు దగ్గరి దర్గాకు తీసుకుపోయి, గాలి పట్టినవాళ్ల మధ్య నన్ను కూర్చోబెట్టింది. ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఊగుతున్నారు. సాంబ్రాణి పొగకు ఒకామె ముక్కుకూ నోటికీ కొంగు అడ్డం పెట్టుకుని స్తంభానికి ఆనుకుని ఉంది. ఎడమ రెప్ప కింద చిన్న పుట్టుమచ్చ. అవి నా పక్క బల్లామె కళ్లు.

ఆమె కూడా నన్నే చూస్తోంది. కొంగు దించింది. కింద పూర్తిగా తెలియని మొహం.

"పసుపు లైట్ల గదిలో కదా నువ్వు?" అంది.

"నీ పక్కనే. నువ్వేంది ఇక్కడ?"

"మాది వింజమూరు. రెండుసార్లు కడుపు పోయింది. గాలి అని మా అత్త తీసకొచ్చినాది. నీకేమైంది?"

"నాకూ పోయింది. నెలనెలా రావడం కూడా లేదు."

ఆమె నా దగ్గరికి జరిగింది. "మా బస్సులో వచ్చే చివరి బల్లామె పని మానేసింది చూడు. ఆమెకీ ఇంతే," అంది.

చుట్టూ ఊగుతున్నవాళ్లను చూస్తే వేయని భయం ఆ మాటకు వేసింది.

మర్నాడు ఇద్దరం ఆత్మకూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అవ్వ కూడా వచ్చింది. "ఏం పని చేస్తారమ్మా మీరు?" అని ఆమె అడిగింది. అంతకుముందు చూపించుకున్న చోట ఎవరూ ఆ మాట అడగలేదు. అంతా చెప్పాం.

"దానివల్లే అయిందని తేల్చి చెప్పలేను. కానీ అలాంటి మందుల్లో కొన్ని నెలసరినీ గర్భాన్నీ దెబ్బతీస్తాయి. దుమ్మును ఆపే ఫిల్టరు ఆవిరిని ఆపదు. అదే గాలి తిరిగి తిరిగి మీరే పీలుస్తుంటారు. ముందు ఆ గదిలోంచి బయటికి రండి," అంది.

అవ్వ నా వైపు తిరిగింది. "గాలేనని నేను చెప్పలా?"

నాకు నవ్వు రాలేదు.

పనిలోకి వెళ్లిన రోజు, బట్టలు మార్చుకునేటప్పుడు మేమిద్దరం మాస్కులు కట్టుకోకుండా నిలబడి అందరినీ అడిగాం, నెలనెలా సరిగా వస్తోందా అని. ఒకామె మాస్కు కిందికి లాగి తల అడ్డంగా ఊపింది. ఆమె పక్కనామె కూడా. ఒక్కొక్క మొహమే బయటపడింది.

అందరం కలిసి ఆఫీసరు దగ్గరికి వెళ్లాం. సాల్వెంట్‌లో ఏముందో చెప్పలేదు. పిల్లలు కావాలనుకునేవాళ్లను ప్యాకింగ్‌కు మార్చడానికి మాత్రం ఒప్పుకున్నాడు. నేను కొన్నాళ్లు ప్యాకింగ్‌లో చేసి మానేశాను. వింజమూరామె ఆ వారమే మానేసింది. ఇప్పుడు ఆమెకు కూతురు. దర్గా మహిమేనని వాళ్ల అత్త చెబుతుందట. ఆమె కాదనదు.

నాకు నెలసరి కుదురుకుంది. పిల్లలు ఇంకా లేరు. ఆ గదివల్లనా కాదా అంటే డాక్టరమ్మ ఇప్పటికీ తేల్చి చెప్పదు. మా బల్లల దగ్గర ఇప్పుడు కొత్తవాళ్లు కూర్చుంటున్నారు.