చుట్టాల నీళ్లు

ఆ రోజుల్లో పరిశోధన అంటే తెల్లకోటు వేసుకోవడమే అనుకునేదాన్ని. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో ఉద్దానం బావినీళ్ల మీద ప్రాజెక్టు ఇస్తే, ఆ కోటుతోనే కవిటి దగ్గర మా పిన్ని ఊళ్లో దిగాను. (కొబ్బరితోటల ఉక్కకి మధ్యాహ్నానికే అది వీపుకి అతుక్కుపోయింది.) ఆ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు. మా చిన్నాన్నకూ అదే. ఒకప్పుడు కొబ్బరిచెట్లు ఎక్కిన మనిషి, అరుగు దిగడానికి గోడ పట్టుకునేవాడు. కారణం నేను కనిపెట్టేస్తానని ఆయనకు మాట కూడా ఇచ్చేశాను. "కనిపెట్టీ తల్లీ, ఆనక నానే సెట్టెక్కి నీకు బొండాం దింపుతాను" అన్నాడు.

బావిలో చేద వేయడం నాకు చేతకాదు. ఆ సంగతి చెప్పుకోలేక, సాయంత్రం ఇంటింటికీ సీసాలిచ్చి మీ మీ నీళ్లు నింపి ఉంచమన్నాను. "మా అక్క కూతురు, యూనివర్సిటీ నుంచొచ్చింది" అని చెబుతూ పిన్ని నా వెనకే తిరిగింది. తెల్లారేసరికి సీసాలన్నీ తళతళలాడుతూ అరుగు మీదకొచ్చాయి. ఒకదానికైతే పసుపు బొట్టు కూడా పెట్టారు.

ల్యాబులో అన్ని సీసాల నీళ్లూ ఒకేలా తేలాయి. మా మాస్టారు కాగితాలు పక్కన పెట్టి, "ఊరిదాకా వెళ్లావా అమ్మా, హాస్టల్ కుళాయి దగ్గరే ఆగిపోయావా?" అన్నారు. సరైన నీళ్లు తేకపోతే ఆ ఏడాది పోయినట్టే. ఏడుపు మొహంతో మళ్లీ బస్సెక్కాను.

"పిన్నీ, అవి ఏ బావి నీళ్లు?"

"బావేటి, అవతలూరి బోరు నీలు. అందరం అక్కడే పట్టినాం."

"నేనడిగింది మీ బావి నీళ్లు కదా."

"సదువుకున్న పిల్లవి, అలగంటావేటి? చుట్టాలొత్తే ఆ నీలే ఇత్తాం. మా సవిటి నీలు సీసాల్లో పోసి అంత పెద్ద సదువులకాడికి పంపుతామేటి? ఊరి పరువేటవుద్ది?"

అరుగు మీంచి చిన్నాన్న నవ్వాడు. "మనింటి సీసాలో పోసింది నా బిందెలో మిగిలిన నీలే తల్లీ. ఆ పూట నాకు సవిటి నీలే గతి."

ఆయన కోసం పిన్ని రోజూ అంత దూరం నుంచి నెత్తిన మోసుకొచ్చే బిందె అది. నాకు నవ్వు రాలేదు. కోటు విప్పి దండెం మీద వేసి, చేద పట్టుకున్నాను. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి. చిన్నాన్న అరుగు మీద కూర్చుని, "తాడు వదిలీకు, తాడు వదిలీకు" అంటూనే ఉన్నాడు.

ప్రాజెక్టు గట్టెక్కింది. కారణం మాత్రం నాకు దొరకలేదు. చిన్నాన్న మళ్లీ చెట్టెక్కలేదు. ఇప్పుడాయన లేడు.

ఇప్పుడు టెక్కలిలో నా సంసారం. బాబుకి తాగించే నీళ్లు కాచి, వడకట్టి, అనుమానమొచ్చి మళ్లీ కాస్తాను. మొన్న ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, పరీక్షకి నీళ్లు కావాలని సీసా చాచింది. తీసుకెళ్లి నింపి తెచ్చాను. నేను గిన్నెలోంచి ముంచడం గుమ్మంలోంచి చూసిన ఆ పిల్ల మొహమాటంగా, "కుళాయివి కావాలాంటీ" అంది. అప్పుడు తెలిసింది, నేను పోసింది బాబు నీళ్లని.

ఆమె తెల్లకోటు చెమటకి తడిసిపోయి ఉంది. కుళాయి పెరట్లో ఉంది, నువ్వే పట్టుకో అన్నాను. ఆ సీసాలో నీళ్లు గ్లాసులోకి వంచి, ముందు ఇవి తాగమని చేతికిచ్చాను.