శీను కొన్న చవక షాట్‌గన్

ఈ ఉదయం మా ఆఫీసు శీనుతో కలిసి ఇక్కడ వాన్ అనే ఊరు దాటాక ఉన్న షూటింగ్ క్లబ్‌కి వెళ్లాను. లైసెన్స్ వచ్చిన సంబరంలో అతను ఒక షాట్‌గన్ కొన్నాడు. వందేళ్ల నాటి మోడల్‌కి అది చవక నకలు. "అచ్చం ఒరిజినల్‌లానే ఉంటదన్నా" అని దారంతా చెప్పాడు. నిజమే, చూడటానికి అలాగే ఉంది.

మొదటి తూటా పేలింది. రెండోది టిక్కుమని ఊరుకుంది. ఏమైందోనని శీను గొట్టంలోకి తొంగిచూడబోయాడు. క్లబ్ పెద్దాయన ఒక్క అరుపుతో ఆపి, గొట్టాన్ని మైదానం వైపే పెట్టించి, ఆలస్యంగా పేలుతుందేమోనని ఒక నిమిషం ఆగాక తూటా తీశారు. తూటాతోపాటు గొట్టం కింది చెక్క కూడా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఈ తుపాకీని గోడకి తగిలిస్తే బాగుంటుందని ఆయన ఇంగ్లీషులో మర్యాదగా సెలవిచ్చారు.

"మెచ్చుకున్నాడా అన్నా?" అని శీను నన్ను మెల్లగా అడిగాడు.

"బాగా మెచ్చుకున్నాడు. మేకు మాత్రం గట్టిది చూసుకో."

సాయంత్రం చూస్తే మనవాడు దానికి ఆన్‌లైన్‌లో నాలుగు స్టార్లు ఇచ్చాడు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించావని ఫోన్ చేసి అడిగాను.

"డబ్బా కొంచెం నలిగిందన్నా" అన్నాడు.

మీరు రివ్యూలు చదివి కొంటారా? రాసినవాళ్లని ఎప్పుడైనా చూశారా?