మిర్యమ్ పెట్టిన షరతు

శుక్రవారం మధ్యాహ్నం మేముండే బాతెల్ ఊళ్లో యూదుల బేకరీ ముందు కారు ఆపితే, జడలా అల్లిన రొట్టెల వేడి వాసన వస్తుంది. వెంటనే మిర్యమ్ గుర్తొస్తుంది. నాకన్నా పదేళ్లు చిన్నది, అయినా నాకు గురువే. ఆదివారాలు లైబ్రరీలో కథలు రాయడం నేర్పేది. యూదుల పిల్ల, తన వాళ్ల మీదే నవ్వు పుట్టించే కథలు రాసేది.

నా మొదటి కథ నిండా పట్టుచీరలు, హారతులు, కన్నీళ్లు. చదివి, "మీ ఇంట్లో ఎవరూ నవ్వరా?" అంది. "మా గురించి కూడా ఎక్కువగా ఏడుపే రాశారు. నేను మా గుడికి, అదే సినగాగ్‌కి వెళ్లేది ఏడాదికి రెండుసార్లే. కానీ మా అమ్మమ్మ చావింట్లో చేప బాగాలేదని పోట్లాడిన సంగతి రాస్తుంటే, నేను యూదురాలినని గట్టిగా అనిపిస్తుంది."

నాకు ఒళ్లు మండింది. ఉక్రోషం కొద్దీ మా అమ్మ మీద రాశాను. వానలు ఆగని ఈ ఊళ్లో ఆవిడ నా కారు డాష్‌బోర్డు మీద వడియాలు ఎండబెట్టడం, ఆ కారులోనే బాసుని ఎక్కించుకుని నేను పడ్డ పాట్లు. మిర్యమ్ పడీపడీ నవ్వింది. లైబ్రరీలో అందరి ముందూ చదవమంది. ఒక్కటే షరతు: ఎవరి గురించి నవ్విస్తున్నామో, ముందు వాళ్లకే చదివి వినిపించాలి.

చదివాను. అమ్మ ముఖం మాడిపోయింది. "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తావుటే?" అంది. రెండు రోజులు మాటల్లేవు. కథ చింపేద్దామనుకున్నాను.

సంగతి విని, శుక్రవారం సాయంత్రం మిర్యమ్ రొట్టె పట్టుకుని ఇంటికొచ్చింది. కూతురికి సంబంధం చూడాలని, పన్ను పీకుతున్న డెంటిస్టుని కూడా వదలని తన తల్లి కథ చదివింది. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మీ అమ్మ ఏమందమ్మా?"

మిర్యమ్ తల దించుకుంది. "ఆవిడకి చదవలేదు ఆంటీ. పత్రికలో చూసింది. ఏడాదిగా మాటల్లేవు."

షరతు ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు తెలిసింది.

"ఇప్పుడే ఫోన్ చెయ్యి," అంది అమ్మ.

"శుక్రవారం చీకటి పడితే అమ్మ ఫోన్ ముట్టదు ఆంటీ. మా విశ్రాంతి దినం నియమం."

"ఇంకా పడలేదుగా! కానీయ్."

మొదటి రింగుకే వాళ్లమ్మ ఎత్తింది. మిర్యమ్ కథంతా చదివింది.  అయ్యాక స్పీకర్‌లో ఆ తల్లి గొంతు: "ఆ డెంటిస్టుకి పెళ్లయిపోయింది. అతని తమ్ముడున్నాడు."

మిర్యమ్ ఏడుస్తూ నవ్వింది. అమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఏదీ, నీది మళ్లీ చదువు. అవి వడియాలు కాదు, చల్లమిరపకాయలు. రాస్తే సరిగ్గా రాయి."

మిర్యమ్ ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటోంది. నేను మాత్రం ఏం రాసినా ముందు అమ్మ ఎదురుగా కూర్చుంటాను. ఇప్పటికీ ఆవిడ ముఖం మాడుతుందేమోనని భయమే. అయినా చదువుతాను.