ఒక్క ఫ్రేమూ పోనివ్వని పక్కింటాయన

మా పక్కింటాయన పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, తన కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయన దగ్గర నా టేపు ఉంది. మనిషి పోయాడంటే టేపు గుర్తొచ్చిన ముసలిదాన్ని మీరేమనుకున్నా సరే, ఆయన గురించి రాస్తూ అబద్ధంతో మొదలుపెట్టలేను.

టెలిఫోన్ ఫ్యాక్టరీలో రిటైరై, బెంగళూరు యలహంకలో మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండేవారు. ఒకప్పుడు టీవీలో వచ్చినవాటిని జనం వీడియో టేపుల్లో పట్టి దాచుకున్నారు కదా, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చేవారు. ఊరికి ఆ చివరనున్న అత్తిబెలె నుంచి కూడా సంచుల్లో మోసుకొచ్చేవాళ్లు. బయట అంగళ్లలోనూ చేస్తారు గానీ, అక్కడ చేయిస్తే బొమ్మ మధ్యమధ్య ఎగిరి దూకుతుంది. సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు వస్తాయట. కంప్యూటర్ ఇంకో పనిలో పడి ఒక్క క్షణం ఏమరితే కొన్ని జారిపోతాయి.

అందుకే ఆయనది మడి వంటలాంటి పని. ఇంటర్నెట్ తీగ పీకేసేవారు. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసేవారు. పాత పంచె ముక్కతో యంత్రం తుడిచి, చేతులు కడుక్కుని అప్పుడు కూర్చునేవారు. జారిపోయిన ఫ్రేములెన్నో తెర మూలన కనబడుతూ ఉంటుంది. అక్కడ సున్నా కదలకూడదు. కరెంటు ఊగుతుందని ఆ కాసేపు వాళ్లింట్లో మిక్సీ బంద్, మా రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న నీళ్ల మోటారు బంద్. మోటారు స్విచ్చికి ఒక అట్టముక్క వేలాడేది: "టేపు నడుస్తా ఉండాది." తలకు కుంకుడు రసం పోసుకుని నేను ఎన్నిసార్లు ఆ అట్టకేసి చూస్తూ నిలబడ్డానో దేవుడికి తెలుసు.

ఒకసారి పక్కన కూర్చుని అడిగాను: "ఒక్క బొమ్మ పోతే ఏమైతాదప్పా? కంటికి తెలుస్తాదా?"

"తెలీదక్కా. అయితే ఏది పోయిందో ఎవురికి తెలుసు? మనిషి నవ్విందే పోయుండొచ్చు. నువ్వు స్వల్ప సుమ్మనే కూర్చో."

ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పాను. నన్ను నోరు మూసుకోమన్న మొదటి మగవాడు ఆయనే. మావారికి ఆ ధైర్యం చివరిదాకా చాలలేదు.

నా టేపులో ఉన్నది ఎనిమిది నిమిషాలు. తొమ్మిదేళ్ల నా కూతురు టీవీలో పిల్లల కార్యక్రమంలో పేరు చెప్పి, పాట పాడింది. పెద్దయ్యాక, తన బిడ్డకు ఏడాదైనా నిండకముందే కన్నుమూసింది. ఆ సంగతి ఇక్కడ రాయను. పెళ్లి వీడియో ఉంది, కానీ దాని నిండా వీడియో అతను అతికించిన సినిమా పాటలే. నా కూతురి గొంతు ఉన్నది ఈ టేపులోనే. అమ్మ గొంతు ఎరుగని నా మనవరాలికి ఒక్కసారి వినిపించి పోవాలని నా ఆత్రం.

ఆయన టేపును వెలుతురుకు ఎత్తి చూశారు. "బూజు పట్టుండాది. ఒక్కసారే నడుస్తాది అక్కా, రెండోసారికి ఇది ఉండదు. మంచి రోజు చూసి చేస్తాలే" అన్నారు. ఆయన మంచి రోజంటే పంచాంగం కాదు, కరెంటు నిలకడగా ఉండే రోజు. నెల గడిచింది. ఆయన పోయే ముందురోజు, సోమవారం, గోడ మీదుగా నేనే దెప్పాను.

"ఏమప్పా, నేను పోయినాక చేస్తావా?"

"రేపే చేస్తా. అంతలో నువ్వు పోవద్దు."

కర్మలన్నీ అయ్యాక ఆయన భార్య నన్ను పిలిచింది. కాఫీ ఇచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎనిమిదే నిమిషాలు, మిక్సీ వేయొద్దు అని చెప్పి లోపలికి పోయినారక్కా. చట్నీకి టెంకాయ జారులో వేసుకోని కాచుకోని ఉంటిని. తలుపు సందులోంచి చూస్తే కుర్చీలో వీపు కనిపిస్తా ఉండాది. ఇంగా అయిండదులే అనుకుంటి. గంటసేపు సద్దు చేయకుండా కూర్చుంటినక్కా. ఎవురి టేపో ఏమో."

గ్లాసు కింద పెట్టాను. ఎనిమిది నిమిషాల టేపు ఆయన దగ్గర ఇంకెవరిది ఉంటుంది? నేను దెప్పకపోతే ఆ పొద్దున ఆయన ఆ గదిలోకి వెళ్లేవారే కాదేమో, ఆవిడ పక్కనే టిఫిను తింటూ ఉండేవారేమో. ఆవిడకు తెలియదు. కాఫీ తాగి లేచి వచ్చేయవచ్చు. ఇన్నేళ్లలో నోటికి వచ్చింది అనడానికి ఎన్నడూ జంకని నేను, రెండు మాటలు చెప్పడానికి గుండె చేత్తో పట్టుకున్నాను.

"నా టేపమ్మా."

తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు. లేచి ఆ గది తలుపు తీసి, "అయిందో లేదో చూద్దాం రా" అంది.

ఆ రోజు మధ్యాహ్నం ఎవరో బంధువు ఆపేదాకా కంప్యూటర్ తన పాటికి తాను రికార్డు చేస్తూనే ఉందట. ఎనిమిది నిమిషాల టేపుకు నాలుగు గంటల వీడియో తయారైంది. ఆవిడే మౌస్ నొక్కింది.

తెర మీద కాసేపు గీతలు కదిలి పోయాయి. రెండు జడలతో నా కూతురు. పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు ఎక్కడో బావిలో ఉన్నట్టుంది, సగం వినబడదు. రెండో చరణం దగ్గర ఆ గొంతు మెల్లమెల్లగా పైకొచ్చి గదంతా నిండింది.

"ఆయనే అక్కా" అంది ఆవిడ. "తక్కువుంటే మీట తిప్పి పెంచుతారు."

అంటే అంతవరకూ ఉన్నారు. నా బిడ్డ పాట విన్నారు. పాట అయ్యాక పిల్లల చప్పట్లు చెవులు పగిలేలా మోగాయి. శబ్దం ఎవరూ తగ్గించలేదు. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టేపు అయిపోయి తెర నీలంగా మారింది. ఆవిడ తలుపు బయట కాచుకున్న ఆ గంట ఈ నీలంలోనే ఉంది. ఆవిడ వేలు మౌస్ మీదే ఉంది, ఆపలేదు. నేనూ ఆపమనలేదు. ఆ నీలం వెలుగు ఆవిడ ముఖం మీద పడుతూ ఉంది.