ఆమెన్ అనని ఇమ్మానుయేలు

ఇమ్మానుయేలుగారికి ఆమెన్ అనడం చేతకాదు. ప్రార్థన మొదలుపెట్టడం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. బెంగళూరు శివారు హెబ్బగోడిలో తెలుగు క్రైస్తవుల ఇంట ఏ శుభకార్యమైనా ఆయన్ను పిలవక తప్పదు. పిలిచాక భోజనం వేడిగా తినే యోగం ఉండదు.

మా వీధి షారోన్ కొడుకు మొదటి పుట్టినరోజున కేకు మీద కొవ్వొత్తి వెలిగించి, "ఒక్క మాట ప్రార్థన చెయ్యండి అంకుల్" అన్నారు. ఆయన సృష్టి దగ్గర ఎత్తుకున్నాడు. జలప్రళయానికి వచ్చేసరికి కొవ్వొత్తి కరిగి క్రీములో కలిసిపోయింది. "రెండో పుట్టినరోజు కూడా ఇందులోనే కానిచ్చేద్దాం" అని గొణిగాడు పిల్లాడి తండ్రి.

ఇమ్మానుయేలుగారి భార్య రాచెల్‌ను కదిలిస్తే ఇంకో కథ. "మా పెండ్లిలో పాస్టరయ్య 'ఈమెను చేసుకుంటావా' అంటే, అవునని చెప్పకుండా ఈయప్ప కండ్లు మూసుకొని ప్రార్థన ఎత్తుకున్యాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది కదప్పా!"

ఇలాంటి మనిషికి ఒక శుక్రవారం ప్రభుత్వమే పిలిచి ప్రార్థన అప్పగించింది.

మా వీధి చివర మూతబడిన క్రోమ్ పూత ఫ్యాక్టరీ ఉంది. యజమాని లాభం పట్టుకెళ్ళి విషం మాకు వదిలిపోయాడు. పక్కనున్న అద్దె గదుల బోరులో నీళ్ళు పసుపుపచ్చగా వస్తాయి. ఆ గదుల్లోనే ఉంటుంది నంజమ్మ. ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో రాత్రి షిఫ్టు ఊడ్చి తుడుస్తుంది. ఆ నీళ్ళకు ఆమె కూతురి చేతులు పుండ్లయ్యాయి. ఆమె ఫిర్యాదు పట్టుకుని మేం తిరగ్గా తిరగ్గా, కాలుష్య బోర్డువాళ్ళు ఆ శుక్రవారం మట్టి నమూనాలు తీస్తామన్నారు.

వాళ్ళకంటే ముందు ఇంకో శాఖ ఇంజనీరు గిరిధర్ ఎర్రమట్టి టిప్పర్లతో దిగాడు. ఆయన శుద్ధి పథకం చాలా సులువు: విషం మీద మట్టి, మట్టి మీద గడ్డి, గడ్డి మీద పార్కు అన్న పేరు. పుండుకు మందు రాయకుండా పట్టుచీర చుట్టడం మన ప్రభుత్వాలకు కొత్త కాదు. కానీ ఎర్రమట్టి పడిందంటే నమూనా పాడైనట్టే. నమూనా లేకపోతే కేసు లేదు. పైన గడ్డి పచ్చగా, కింద బోరు పసుపుగా ఉండిపోతాయి.

షిఫ్టు దిగి నేరుగా వచ్చిన నంజమ్మ, సంచీ భుజాన ఉండగానే టిప్పరుకు అడ్డం నిలబడింది.

"పోసేదుంటే నా మీద పోయండప్పా!"

డ్రైవర్ మంజునాథ్ ఇంజను గర్జిస్తోంది. గిరిధర్ పోలీసులకు ఫోన్ చేశాడు. నేను బోర్డువాళ్ళను వెంటబెట్టుకుని వాళ్ళ బండిలో వస్తున్న మా వీధి సుప్రియకు చేశాను.

"ఇంకా మడివాళ సిగ్నల్ దగ్గరే ఉన్నాం, ట్రాఫిక్కులో బండి కదలట్లేదు! ఎలాగోలా ఆపండి!" అంది, నా పక్కనున్న ఇమ్మానుయేలుగారికీ వినబడేంత గట్టిగా.

ఎలా ఆపను? పోలీసులొస్తే నంజమ్మను జీపెక్కిస్తారు. సరిగ్గా అప్పుడే గిరిధర్ మెత్తబడినట్టు నవ్వాడు. "మంచి పనికి గొడవెందుకమ్మా? కొబ్బరికాయ కొడదామంటే మీ వీధిలో చర్చివాళ్ళే ఎక్కువన్నారు. పెద్దాయనా, మీరు రెండు మాటలు ప్రార్థన చేసెయ్యండి. ఫోటో దిగి పని మొదలుపెడదాం."

నవ్వు ఆపుకోలేక షారోన్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"దానికేముండాది సార్," అన్నాడు ఇమ్మానుయేలు. "రెండే మాటలు. ముందు ఆ ఇంజను ఆపమనండి, దేవునికి వినబడాల కదా."

ఇంజను ఆగింది. రాచెల్ నంజమ్మను అరుగు మీద కూర్చోబెట్టుకుంది. "ప్రార్థనలో బండి కదల్దులే పాపా."

ఆయన సృష్టి దగ్గర ఎత్తుకున్నాడు. జలప్రళయం దాటి, శాఖలన్నిటినీ పేరుపేరునా దీవించాడు. పోలీసు జీపు వచ్చింది. దిగిన కానిస్టేబుల్ చుట్టూ చూసి, టోపీ తీసి తలవంచాడు. ఎండ నడినెత్తికెక్కింది. గిరిధర్ ఆగలేక తానే "ఆమెన్!" అని గట్టిగా అన్నాడు.

"ఆమెన్ అన్న ఈ బిడ్డను దీవించు తండ్రీ! వీళ్ళమ్మను, నాయనను, తాతముత్తాతలను..."

గిరిధర్ టిప్పరు నీడలోకి జరిగాడు.

"మడివాళ సిగ్నలును దీవించు తండ్రీ! ఆ బండి క్లచ్చును దీవించు!"

అప్పుడు బోర్డు బండి మలుపు తిరిగింది. అధికారి దిగి, టిప్పర్లు వెనక్కి తీయమన్నాడు. నమూనాలు పరీక్షించి, ఎంత లోతు తవ్వి తీసెయ్యాలో తేలేదాకా పిడికెడు మట్టి కూడా పడకూడదన్నాడు. మూలమూలకూ గుంటలు తవ్వి, సీసాల్లోకి మట్టెత్తి సీలు వేశారు. మేం గెలిచాం.

ప్రార్థన మాత్రం నడుస్తూనే ఉంది.

దగ్గరికెళ్ళి, "అంకుల్, పనైపోయింది, ఇక ఆమెన్ అనెయ్యండి" అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచి, గడ్డంతో అరుగు వైపు చూపించాడు. రాచెల్ భుజం మీద నంజమ్మ గాఢంగా నిద్రపోతోంది.

"రాత్రంతా పని చేసుండాది," అన్నాడు గుసగుసగా. "ఆమెన్ అంటే అందరూ అరుస్తారప్పా. లేస్తాది."

రాచెల్ కదలకుండానే నవ్వింది. "ఇప్పుడా తెలిసింది నీకు? ఇంటి ఆడది అలిసిపోయుంటే ఈయన ప్రార్థన ఇంకా పొడుగు. ఆ సేపు ఆమెను ఎవురూ కాఫీ అడగరు కదా!"

వెనకనుంచి గిరిధర్ గొంతు తగ్గించి అడిగాడు. "మా శాఖ అయిపోయిందాండీ?"

"మొదట్లోనే అయింది," అన్నాను.

"ఇంకోసారి కానివ్వమనండి. మాకెంతైనా అవసరమే," అని గిరిధర్ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.