చిన్ని క్యాసెట్టు, బాబాయి జొన్నచేను

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం మధ్యాహ్నం మా బాబాయి అరుగు మీద కూర్చుని, మా చెల్లెలు చిన్ని క్యాసెట్టులోంచి టేపు బయటికి లాగుతున్నాడు. కోడిని కోసి పేగులు లాగినట్టే లాగాడు... బుగ్గన పొగాకు, గడ్డం మీద దాని రసం.

పర్చూరు దగ్గర మా ఊరు. జొన్నకంకి పాలు పోసుకునే రోజుల్లో పిట్టల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. క్యాసెట్టు టేపు చేను చుట్టూ కర్రలకి కడితే ఎండకి మెరుస్తుంది, గాలికి గుయ్యిమంటుంది... పిట్టలు బెదిరి వాలవు. అందరూ చేసేదే. కాకపోతే అందరూ పాడైపోయిన క్యాసెట్లు కట్టేవాళ్ళు.

ఇది పాడవలేదు. పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీసే ఓ పెద్ద విదేశీ కంపెనీ పాటల క్యాసెట్టు. మా మేనత్త గుంటూరు నుంచి తెచ్చింది... ఒరిజినల్. ఆ సినిమా వీడియో క్యాసెట్టు కూడా దొరికేదట గానీ, మా ఇంట్లో వీసీఆర్ ఎక్కడిది? అట్ట మీద ఒంటెనెక్కిన తాబేలు బొమ్మ చూసి కథంతా చిన్నే అల్లుకుంది. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా పాటలన్నీ దానికి నోటికొచ్చేశాయి.

స్కూలు వార్షికోత్సవంలో అందులో ఓ పాటకి అది ఒక్కతే డాన్సు చెయ్యాలి. ఇంకా వారం ఉంది. టీచరు దాన్ని తీసుకుంది, నన్ను వద్దంది. దానికి ఎనిమిదేళ్ళు, నాకు పదకొండు. ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు.

ఆ ఆదివారం అమ్మా, చిన్నీ పర్చూరు వెళ్ళారు. బాబాయి వచ్చి, "ఏమే, పనికిరాని క్యాసెట్టేదన్నా ఉంటే ఇటు తే. పిట్టలు చేనంతా ఊడ్చేస్తన్నాయి," అన్నాడు. ఆయనకి నాటకాల పద్యాల క్యాసెట్లు ఓ సూట్‌కేసు నిండా ఉన్నాయి. వాటి మీద ఈగని కూడా వాలనివ్వడు.

నేను స్టూలెక్కి, బీరువా మీద గుడ్డలో చుట్టి దాచుకున్న చిన్ని క్యాసెట్టు తీసి ఇచ్చాను.

"ఇది చిన్నిది కదే?"

"అదిప్పుడు వినట్లేదు బాబాయ్."

"ఇంగ్లీషా... అయితే పిట్టలు ఇంకా తొందరగా లేచిపోతాయిలే," అని నవ్వాడు. ఆ నవ్వు, ఆ గారపళ్ళు... ఛీ. ఏళ్ళ తరబడి ఆయన్నే అసహ్యించుకున్నాను. నాకు అదే సుఖంగా ఉండేది మరి.

డాన్సుకని జరీ రిబ్బన్లు కొనుక్కుని వచ్చిన చిన్ని, దారిలో బాబాయి చేను చుట్టూ మెరిసే టేపూ, అరుగు మీద ఖాళీ క్యాసెట్టూ చూసింది. ఏడవలేదు. "బీరువా మీదుంది కదక్కా... బాబాయికెట్టా తెలిసింది?" అంది.

"నాకేం తెలుసు," అన్నాను.

ఆ పాట ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. టీచరు ఆ డాన్సు తీసేసి, సినిమా పాటకి గ్రూపు డాన్సు పెట్టింది. ఒకమ్మాయి తక్కువైతే నన్ను వెనక వరసలో నిలబెట్టింది. ఆ సాయంత్రం తన రిబ్బన్లు చిన్నే నా జడలకి కట్టింది... వంకర రాకుండా రెండుసార్లు విప్పి కట్టింది. ముందు కూర్చుని చప్పట్లు కొట్టింది. నేను సిగ్గు లేకుండా ఎగిరాను.

ఇప్పుడు ఏ పాటైనా ఫోన్లో చిటికెలో వస్తుంది. ఒక క్యాసెట్టు పోతే పాటే లేకుండా పోవడం అంటే ఏంటో మా పిల్లలకి ఎంత చెప్పినా అర్థం కాదు.

మొన్న చిన్ని కూతురు ఆ పాటే పెట్టింది. వంటింట్లో ఉన్న చిన్ని ఒక్క మాట తప్పకుండా అందుకుంది... సగంలో ఆపేసి, "బాబాయి పోయేదాకా నేనాయనతో సరిగ్గా మాట్లాడలేదక్కా," అంది.

నేను ఇంకో బెండకాయ తీసుకుని తరిగాను.

మీ ఇళ్ళల్లోనూ వేరేవాళ్ళ మీదికి తోసేసిన తప్పు ఒకటి ఉండే ఉంటుంది... చెప్పాలనిపిస్తే కింద రాయండి. ముందు నాది రాసేస్తున్నాను.

చిన్నీ, బాబాయికి అది తీసిచ్చింది నేనే.